పరాయి దేశాధినేతను బలంతో దించవచ్చా: ఒక నిర్ణయానికి వచ్చే పద్ధతి

బలమైన దేశం ఒకటి తనకు గిట్టని మరో దేశాధినేతను సైన్యంతో తొలగించాలా వద్దా అన్న ప్రశ్న కొన్నేళ్ళకొకసారి వార్తల్లోకి వస్తూనే ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ చర్చ ఒకే చోట మొదలై అక్కడే ఆగిపోతుంది: ఆ నాయకుడు దుర్మార్గుడా, కాదా? ఒకరు అతని జైళ్ళను, అతను చంపించినవారిని లెక్కపెడతారు; మరొకరు ఆ అగ్రరాజ్యం గతంలో చేసిన అన్యాయాలను ఏకరువు పెడతారు. ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చు, కాని అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. నాయకుడు దుర్మార్గుడని రుజువైనంత మాత్రాన అతన్ని బయటివారు దించాలని తేలదు. ఆ అగ్రరాజ్యం పాపభూయిష్ఠమైనదని రుజువైనంత మాత్రాన దించకూడదనీ తేలదు. పోటీ పరీక్షకు వ్యాసం రాసేవారికీ, పత్రిక చదివి సొంతంగా ఒక అభిప్రాయానికి రావాలనుకునేవారికీ ఉపయోగపడేలా, ఈ ప్రశ్నను ఏ వరసలో విడదీయాలో, ఏ ఉదాహరణల పక్కన పెట్టి తూచాలో ఇక్కడ వివరిస్తున్నాను.

రెండు శత్రుత్వాలను వేరు చేయండి

మొదట చేయవలసిన పని "శత్రువు" అన్న మాటను విప్పి చూడడం. ఒక పాలకుడు తన ప్రజలకే శత్రువు కావచ్చు, ఆ అగ్రరాజ్యానికి శత్రువు కావచ్చు, రెండూ కావచ్చు. జోక్యాన్ని సమర్థించేవారు మొదటి శత్రుత్వం గురించి మాట్లాడుతూ రెండోదాని కోసం పనిచేసిన సందర్భాలు చరిత్రలో చాలా ఉన్నాయి. 1951లో ఇరాన్ పార్లమెంటు చమురు పరిశ్రమను జాతీయం చేసింది. అప్పటిదాకా దాని మీద పెత్తనం ఆంగ్లో-ఇరానియన్ ఆయిల్ కంపెనీ చేతిలో, అంటే బ్రిటన్ చేతిలో ఉండేది. ఆ విధానాన్ని నడిపించిన ప్రధాని మొహమ్మద్ మొసాద్దెక్‌ను 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కలిసి నడిపిన కుట్ర కూలదోసింది. ఆయన తన ప్రజలను ఊచకోత కోసిన నియంత కాడు. రెండో అర్థంలో మాత్రమే శత్రువు. ఆయన పదవి పోయాక ఇరాన్ రాజు షా నిరంకుశ పాలన పాతికేళ్ళు సాగి 1979 విప్లవంతో ముగిసింది. ఆ ఏడాది నవంబరులో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించిన విద్యార్థులు 1953ను మరచిపోలేదు. అక్కడ పట్టుబడినవారిలో 52 మంది 444 రోజులు బందీలుగా గడిపారు.

ఈ రెండు శత్రుత్వాలను వేరు చేయడానికి తేలికైన మార్గం తేదీలు రాసుకోవడం. కాగితం మీద ఒక వైపు ఆ పాలకుడి నేరాల తేదీలు, మరోవైపు అగ్రరాజ్యానికి అతనితో చెడిన తేదీ రాయండి. ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ విషయంలో ఇలా చేస్తే, హలబ్జా పట్టణంలో వేలాది కుర్దులను రసాయనాలతో చంపినది 1988 మార్చిలో అనీ, అప్పటికి ఇరాన్‌తో జరుగుతున్న యుద్ధంలో వాషింగ్టన్ అతనికి సాయపడుతూ ఉండిందనీ, అసలైన వైరం 1990 ఆగస్టు 2న కువైట్‌ను ఆక్రమించాకే మొదలైందనీ కనిపిస్తుంది. పనామా పాలకుడు మాన్యుయెల్ నోరియేగా ఎన్నో ఏళ్ళు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ దగ్గర డబ్బు పుచ్చుకున్నవాడు. నేరం జరిగినప్పుడు నోరు మెదపక, స్నేహం చెడ్డాక నేరాన్ని గుర్తు చేసుకున్న దేశం మాటకు తక్కువ విలువ కట్టాలి. అయితే అక్కడితో నేరం అబద్ధమైపోదు. హలబ్జాలో పోయినవారి ప్రాణాలు వాషింగ్టన్ చిత్తశుద్ధి మీద ఆధారపడి లేవు. అందుకే ఈ తేదీల పట్టిక సమర్థకుల ఉద్దేశాన్ని తూచడానికే గాని బాధితుల బాధను కొట్టివేయడానికి కాదని మొదటే గుర్తుంచుకోవాలి.

ముప్పు ఎంత దగ్గరలో ఉందో చూడండి

"అతను మన మీద దాడి చేయబోతున్నాడు" అన్నది తరచూ వినిపించే వాదం. దీన్ని తూచడానికి ఒక పాత కొలబద్ద ఉంది. 1837లో కెనడా నుంచి వచ్చిన బ్రిటిష్ బలగాలు నయాగరా నదిలో కరోలిన్ అనే అమెరికన్ ఆవిరి పడవకు నిప్పు పెట్టాయి. ఆ తర్వాత జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల్లో అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్, ఆత్మరక్షణ అని చెప్పుకోవాలంటే ప్రమాదం అప్పటికప్పుడు ముంచుకొచ్చినదై, మరో దారి వెతకడానికి గాని ఆలోచించడానికి గాని వ్యవధి లేనిదై ఉండాలని రాశాడు. ఇప్పటికీ న్యాయకోవిదులు ఆ మాటలనే ఎత్తి చూపుతారు.

ఇరాక్ ఈ కొలబద్దకు ఎలా నిలుస్తుంది? 2003 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఉపగ్రహ చిత్రాలు, టెలిఫోన్ సంభాషణలు చూపి, వినిపించి, సద్దాం దగ్గర రసాయన, జీవాయుధాలు ఉన్నాయని చెప్పాడు. అదే సమయంలో హాన్స్ బ్లిక్స్ నాయకత్వంలోని ఐక్యరాజ్యసమితి తనిఖీ బృందం ఇరాక్‌లోనే ఉంది, పని చేస్తోంది, ఇంకొన్ని నెలలు కావాలంటోంది. యుద్ధం మొదలవుతుందని మార్చిలో వారిని వెనక్కి రప్పించారు. తర్వాత అమెరికా నియమించిన బృందమే వెతికి, ఆయుధ నిల్వలు లేవని 2004లో తేల్చింది. శాంతియుత మార్గాలు ఇంకా మిగిలి ఉండగానే యుద్ధానికి దిగారని బ్రిటన్‌లో చిల్కాట్ విచారణ సంఘం 2016లో నిర్ధారించింది. సామాన్య పాఠకుడికి గూఢచారి నివేదికలు చూసే వీలు ఉండదు. కాని స్వతంత్రంగా తనిఖీ చేసేవారు ఎవరైనా ఉన్నారా, ఉంటే వారి పని పూర్తి కానిస్తున్నారా, మధ్యలో ఆపేస్తున్నారా అన్నది ఎవరైనా గమనించగలరు. 2003 మార్చిలో ఈ ఒక్క సంగతి గమనించినవారికి రహస్య పత్రాలేవీ అవసరం లేకపోయింది.

చట్టాన్ని చదవండి, అక్కడే ఆగిపోవద్దు

ఐక్యరాజ్యసమితి చార్టర్ 2(4) అధికరణ ఏ దేశమూ మరో దేశం మీద బలప్రయోగం చేయరాదని, బెదిరించరాదని చెబుతుంది. దీనికి చార్టర్ ఒప్పుకున్న మినహాయింపులు రెండే: సాయుధ దాడి జరిగినప్పుడు 51వ అధికరణ ఇచ్చే ఆత్మరక్షణ హక్కు, భద్రతా మండలి ఇచ్చే అనుమతి. 2005 ప్రపంచ శిఖరాగ్ర సమావేశం జాతి నిర్మూలన, యుద్ధ నేరాలు, జాతి ప్రక్షాళన, మానవత్వంపై నేరాల నుంచి ప్రజలను కాపాడే బాధ్యతను ఒప్పుకుంది గాని, సైనిక చర్యకు మండలి అనుమతి కావాలన్న షరతును మాత్రం సడలించలేదు.

మండలిలో 5 శాశ్వత సభ్య దేశాలకు వీటో, అంటే తీర్మానాన్ని ఒక్క దేశమే అడ్డుకోగల అధికారం ఉంది. అంటే చట్టం ఏమంటుందో చెప్పే చోటే రాజకీయం కూర్చుని ఉంది. అందువల్ల "మండలి ఒప్పుకుంది కాబట్టి మంచిది" అనడం గాని "ఒప్పుకోలేదు కాబట్టి చెడ్డది" అనడం గాని తొందరపాటే. 1999లో అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో, భద్రతా మండలి అనుమతి లేకుండానే సెర్బియాపై 78 రోజులు బాంబులు వేసింది; దాన్ని పరిశీలించిన స్వతంత్ర కమిషన్ అది చట్టవిరుద్ధమే అయినా సమంజసమని తీర్పు చెప్పింది. 2011లో లిబియా విషయంలో అనుమతి ఉంది, కాని అది పౌరుల రక్షణకు ఇచ్చిన అనుమతి. దాన్ని సాగదీసి అక్కడి పాలకుడు గడాఫీ పతనం దాకా తీసుకుపోయారని రష్యా, చైనా ఆరోపించాయి, ఆ ఏడాది అక్టోబరులోనే సిరియాపై తీర్మానాన్ని వీటో చేశాయి. ఒక చోట అనుమతిని మించి పోయినందుకు మరో చోట ప్రజలు ధర చెల్లించారని నా అభిప్రాయం.

ఇక్కడే మరొక చిన్న పరీక్ష పెట్టుకోవాలి: దేశాల పేర్లు తారుమారు చేసి అదే వాదాన్ని మళ్ళీ చదవాలి. 1956లో బుడాపెస్ట్‌కు, 1968లో ప్రాగ్‌కు, 1979 డిసెంబరులో కాబూల్‌కు సోవియట్ ట్యాంకులు వెళ్ళినప్పుడు కూడా ఆహ్వానం, భద్రత, ప్రజల మేలు అన్న మాటలే వినిపించాయి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై దాడి ప్రకటిస్తూ పుతిన్ ఉదహరించినదీ 51వ అధికరణనే. మీకు నచ్చిన దేశం చెబితే న్యాయంగానూ నచ్చని దేశం చెబితే దౌర్జన్యంగానూ వినిపించే వాదాన్ని వ్యాసంలోంచి తీసేయండి.

కుర్చీ ఖాళీ అయ్యాక ఎవరు కూర్చుంటారు

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఈ ప్రశ్న మీద పెట్టండి. ఇన్ని జోక్యాల చరిత్ర చదివాక నాకు కలిగిన నమ్మకం ఇది: పాలకుడు ఎంత చెడ్డవాడన్నదానికన్నా, అతని స్థానంలోకి రావలసినవారు ఆ దేశంలో అప్పటికే ఉన్నారా, ప్రజలు వారిని ముందే ఎన్నుకున్నారా అన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించింది.

మనకు బాగా తెలిసిన 1971 బంగ్లాదేశ్ యుద్ధంతో మొదలుపెట్టండి. ఆ యుద్ధం పాకిస్తాన్ పాలకుడు యాహ్యా ఖాన్‌ను దించడానికి మొదలైంది కాదు, అయినా ఈ పరీక్షకు అది గొప్ప ఉదాహరణ. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో 160 అవామీ లీగ్ గెలుచుకుంది. ఆ తీర్పును సైన్యం తొక్కివేసింది. సుమారు కోటి మంది శరణార్థులు భారత్‌లోకి వచ్చారు. డిసెంబరు 3న పాకిస్తాన్ మన వైమానిక స్థావరాలపై దాడి చేసింది. ఆ రాత్రే విశాఖపట్నం తీరానికి దగ్గరలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. విశాఖ సాగర తీరంలోని విజయ స్మారకం దగ్గర ఫొటోలు దిగేవారిలో ఎందరికి ఆ సంగతి తెలుసో గాని, ఆ యుద్ధం మన ఇంటి గుమ్మం దాకా వచ్చిన యుద్ధం. డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి తీసుకోవాలని 104 ఓట్లతో కోరగా, వ్యతిరేకంగా పడినవి 11 మాత్రమే. ప్రపంచం లెక్కలో మనం తప్పు చేసినవాళ్ళం. కాని ఢాకాలో అధికారం అందుకోవడానికి ఎన్నికల్లో గెలిచినవారు సిద్ధంగా ఉన్నారు, భారత సైన్యం 1972 మార్చికల్లా తిరిగి వచ్చేసింది. ఆ తర్వాత బంగ్లాదేశ్ ఎన్ని కష్టాలు పడినా, అవి భారత్ ఆక్రమణలో పడిన కష్టాలు కావు.

పనామాను దీని పక్కన పెట్టండి. 1989 మే ఎన్నికల్లో గియెర్మో ఎండారా గెలవగా నోరియేగా ఆ ఎన్నికలనే రద్దు చేశాడు. డిసెంబరు 20న అమెరికా సైన్యం దిగింది. ఎండారా ఒక అమెరికన్ స్థావరంలో ప్రమాణం చేశాడు. నోరియేగా వాటికన్ రాయబారి నివాసంలో తలదాచుకుని 1990 జనవరి 3న లొంగిపోయాడు. సాధారణ సభ 75-20 ఓట్లతో ఈ దాడిని ఖండించింది. ఎల్ చొరిల్లో అనే పేదల పేట కాలిపోయింది, అక్కడివారి నష్టాన్ని చిన్నది చేసి రాయకూడదు. అయినా ఆ దేశం ప్రజాస్వామ్యంగా నిలదొక్కుకుంది, 1994లో రాజ్యాంగాన్ని సవరించి సైన్యాన్నే రద్దు చేసుకుంది. చట్టం ముందు ఓడిన జోక్యం ఫలితంలో నెగ్గడానికి పెద్ద కారణం, కూర్చోవలసినవాడిని ఏడు నెలల ముందే పనామా ప్రజలు ఎంచుకుని ఉండడం.

ఇరాక్‌లో ఆ మనిషి లేడు. ఇరవై నాలుగేళ్ళ పాలనలో సద్దాం పోటీ రాగలవారందరినీ చంపడమో తరిమివేయడమో చేశాడు. బాగ్దాద్ పడిపోయిన నెలన్నరలోపే, 2003 మేలో, ఆక్రమణ పాలనాధికారి పాల్ బ్రెమర్ రెండు ఉత్తర్వులు ఇచ్చాడు: ఒకటి సద్దాం పార్టీ అయిన బాత్ పార్టీ పై శ్రేణులను ప్రభుత్వోద్యోగాల్లోంచి తొలగించింది, రెండోది సైన్యాన్ని రద్దు చేసింది. లక్షలాది మంది ఆయుధం పట్టడం తెలిసినవారు ఒక్క సంతకంతో కొలువు పోగొట్టుకుని అవమానంతో ఇళ్ళకు వెళ్ళారు. ఆ తర్వాత రేగిన తిరుగుబాటు, షియా-సున్నీ అంతర్యుద్ధం, 2014 జూన్‌లో మోసుల్‌ను ఇస్లామిక్ స్టేట్ పట్టుకోవడం, ఇవన్నీ ఆ రెండు కాగితాల వల్లే జరిగాయనను గాని, అవి లేకుండా ఈ కథను చెప్పలేము.

లిబియా కథలో ఇంకో పాఠం ఉంది. అక్కడ ఆక్రమణ లేదు, పైనుంచి బాంబులు మాత్రమే. 2011 అక్టోబరు 20న సిర్త్ నగరంలో గడాఫీని చంపేశారు, 2012 జులైలో ఎన్నికలూ జరిగాయి. కాని గడాఫీతో పోరాడిన సాయుధ ముఠాలు ఆయుధాలు దించలేదు, దింపించే శక్తి కొత్త ప్రభుత్వానికి లేదు, బాంబులు వేసిన దేశాలు ఆ బాధ్యత తీసుకోలేదు. 2014 నాటికి ట్రిపోలీలో ఒకటి, తోబ్రుక్‌లో ఒకటి, రెండు ప్రభుత్వాలు వెలిశాయి. తన పదవీకాలంలో చేసిన అతిపెద్ద పొరపాటు గడాఫీ తర్వాతి రోజు కోసం సిద్ధపడకపోవడమేనని 2016లో ఒబామాయే ఒప్పుకున్నాడు. కాబట్టి "ఎవరు కూర్చుంటారు" అన్న ప్రశ్నకు తోకగా "తుపాకులు ఎవరి చేతిలో ఉంటాయి" అన్నది కూడా రాసుకోండి.

ఈ పరీక్షకు లొంగని ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాచిపెట్టడం నిజాయితీ కాదు. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం కంబోడియా రాజధాని నాంపెన్ చేరి అక్కడి పాలకుడు పోల్‌పాట్‌ను తరిమింది. ఎన్నికైన ప్రత్యామ్నాయం లేదు. వియత్నాం తన సొంత ప్రయోజనంతోనే వచ్చింది, పదేళ్ళ పైచిలుకు కదలలేదు. పోల్‌పాట్ పార్టీ అయిన ఖ్మేర్ రూజ్ పక్షానికే ఐక్యరాజ్యసమితిలో కంబోడియా స్థానం కొనసాగింది. అయినా నాలుగేళ్ళలోపు దాదాపు 17 లక్షల మందిని బలిగొన్న పాలన ఆ రోజుతో అంతమైంది. సామూహిక హత్యలు కళ్ళెదుట జరుగుతూ ఉన్నప్పుడు తర్వాతి పాలకుడు ఎవరన్న ప్రశ్న రెండో స్థానానికి వెళుతుంది. రువాండాలో 1994లో 100 రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపుతుంటే ప్రపంచం అక్కడి శాంతి దళాన్ని పెంచలేదు సరికదా, తగ్గించింది. జోక్యం వద్దనేవారు ఆ అంకెను కూడా తమ ఖాతాలో వేసుకుని మాట్లాడాలి. కాబట్టి వ్యాసంలో రెండు సందర్భాలను కలపకండి: గతంలో చంపినవాడిని శిక్షించడం వేరు, ఇప్పుడు చంపుతున్నవాడి చేయి పట్టుకోవడం వేరు. 2003 నాటి సద్దాం మొదటి కోవకు చెందుతాడు, 1994 నాటి రువాండా రెండో కోవకు.

ఇక బయటివారి సైన్యం దించలేని పాలకుడిని సొంత ప్రజలు దించిన సందర్భమూ ఉంది. నాటో వేసిన 78 రోజుల బాంబులకు సెర్బియా నేత మిలొసెవిచ్ పదవి పోలేదు. 2000 సెప్టెంబరు ఎన్నికల్లో ఓడి, ఓటమిని ఒప్పుకోకపోతే అక్టోబరు 5న బెల్‌గ్రేడ్ వీధుల్లోకి వచ్చిన జనం వల్ల పోయింది. ఆ దారి మూసుకుపోయిందా, ఇంకా తెరిచి ఉందా అని ప్రతి సందర్భంలోనూ అడగాలి.

భారం ఎవరి మీద పడుతుందో రాయండి

నిర్ణయం తీసుకునేవారూ దాన్ని మోసేవారూ ఒకరు కారు. ఇరాక్ యుద్ధంలో సుమారు 4,500 మంది అమెరికన్ సైనికులు పోయారు. ఇరాకీల మరణాలు లక్షల్లోకి వెళ్ళాయి. భారం ఆ రెండు దేశాలతోనూ ఆగదు. 1990లో కువైట్ నుంచి 1,70,000 మందికి పైగా భారతీయులను వెనక్కి తీసుకురావలసి వచ్చింది. గల్ఫ్ జీతం మీద బతికే కుటుంబాలు కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో తెలిసినవారికి ఆ అంకె వెనకాల ఇళ్ళు కనిపిస్తాయి. 2015 జులైలో, గడాఫీ చనిపోయిన అదే సిర్త్‌లో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న నలుగురు భారతీయ అధ్యాపకులను సాయుధులు ఎత్తుకుపోయారు. వారిలో ఇద్దరు తెలుగువారు. ఆ ఇద్దరు తెలుగువారు విడుదలయ్యేసరికి 2016 సెప్టెంబరు వచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందు కుర్చీ ఖాళీ చేయించి వెళ్ళిపోయినవారి లెక్కల్లో ఈ పద్నాలుగు నెలలు ఎక్కడా ఉండవు. మీ వ్యాసంలో ఉండాలి.

ఒక కసరత్తు

ఈ పద్ధతి చేతికి అలవాటు కావాలంటే ఫలితం తెలియనట్టుగా ఒక పాత నిర్ణయాన్ని మళ్ళీ తీసుకోవాలి. 2011 మార్చి 17ను ఎంచుకోండి. మీరు భద్రతా మండలిలో భారత స్థానంలో కూర్చున్నారనుకోండి. లిబియాపై విమాన నిషేధ మండలానికీ, పౌరులను కాపాడడానికి అవసరమైన చర్యలన్నిటికీ అనుమతినిచ్చే 1973వ తీర్మానం మీ ముందుంది. గడాఫీ సైన్యం బెన్‌ఘాజీ వైపు వస్తోంది, దయ చూపేది లేదని అతను రేడియోలో ప్రకటించాడు. లిబియాలో వేలాది మంది భారతీయులు పనిచేస్తూ ఉన్నారు, చాలామందిని అప్పటికే తరలించారు. తిరుగుబాటుదారుల మండలి ఒకటి ఏర్పడింది, దానికి ఎన్నికల తీర్పు లేదు. పై ప్రశ్నలన్నిటికీ ఆ రోజుకు తెలిసిన సంగతులతోనే జవాబులు రాసి, చివర అనుకూలం, వ్యతిరేకం, తటస్థం అన్న మూడింటిలో ఒకటి రాయండి. ఆ తర్వాతే అసలు ఓటింగు చూడండి: అనుకూలం 10, వ్యతిరేకం సున్నా, తటస్థంగా ఉన్నవి 5, వాటిలో భారత్ ఒకటి. క్షేత్రస్థాయి పరిస్థితిపై నమ్మదగిన సమాచారం చాలా తక్కువగా ఉండగానే ఇంత పెద్ద చర్యకు అనుమతి ఇస్తున్నారని మన ప్రతినిధి ఆ రోజు సభలో వివరణ ఇచ్చాడు. ఆ వివరణను మీ కాగితం పక్కన పెట్టి, బెన్‌ఘాజీ ప్రజలకు మీరైతే ఏమని చెప్పేవారో కింద మరో పేరా రాయండి.